బావ క్లారినెట్‌కు పై గొంతు పోయిన దసరా

నాకు ఒక చెడ్డ అలవాటుంది. ఏ వస్తువైనా పాడైతే, బాగుచేయడం కన్నా ముందు అది ఎందుకు పాడైందో తెలియాలి. జనగామ స్టేషన్ రోడ్డులో నాది టైలరింగ్ షాపు. కుట్టుమిషను దారం తెంపుతోందంటే సూది మార్చి ఊరుకోను. దారం ఎక్కడ ఒరుసుకుంటోందో వేలితో తడిమి చూసేదాకా నాకు అన్నం సహించదు. గిరాకీ ఎదురుగా కూర్చుని "అక్కా, నా బ్లౌజు ఏమైంది?" అని అడిగినా వినపడదు. మా ఆయన దీనికి "నీ పురుగు" అని పేరు పెట్టాడు. ఆ పురుగు వల్ల తిట్లు తిన్నాను, ఒకసారి మిక్సీ విప్పి కరెంటు షాకు కూడా తిన్నాను. మా అక్క నన్ను మానుకోట రమ్మని పిలిచింది మాత్రం ఆ పురుగు కోసమే.

మహబూబాబాద్‌ను మా వైపు అందరం మానుకోట అనే అంటాం. అక్కను ఇచ్చింది అక్కడికే. బావ పెళ్లి బ్యాండులో క్లారినెట్ మాస్టర్. ముహూర్తాలు లేని నెలల్లో మార్కెట్ యార్డులో మిర్చి బస్తాల తూకం దగ్గర పనిచేస్తాడు. ముహూర్తాలు మొదలైతే ఎర్ర కోటు తొడుక్కుని ఊళ్లు తిరుగుతాడు. బరాత్‌లో డ్రమ్ములు ఎంత మోగినా, జనం నిజంగా ఊగేది ఆయన క్లారినెట్ పై స్వరానికి లేచినప్పుడే. పెళ్లికూతురును అప్పగించేటప్పుడు ఆయన ఊదితే, అంతసేపూ కట్నకానుకల దగ్గర గొంతు చించుకున్న మేనమామలు కూడా తువాలతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఆ కార్తీకంలో ఒక పొద్దున అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, మీ బావ ఇగ ఊదడంట. క్లారినెట్ పెట్టెల పెట్టి మూతేసిండు."

"ఏమైందే?"

"పండ్లే. ఇంకేమున్నది?"

సంగతి నాకు కొంత తెలుసు. వానాకాలంలో బావకు పై వరుస ముందు పళ్లు కదిలిపోతే పీకించుకున్నాడు. పుండు మానేదాకా ఆగి, దీపావళికి ముందు కట్టుడు పళ్లు పెట్టించుకున్నాడు. అన్నాళ్లూ క్లారినెట్ నోట పెట్టలేదు. కొత్త పళ్లతో మొదటిసారి ఊదితే కింది స్వరాలు వచ్చాయట, పై స్వరాలు రాలేదట. పైకి పోబోతే బుర్రుమని ఒక చప్పుడు, అంతే. రోజూ కూర్చుని ఊదాడు. రోజూ అదే బుర్రు.

"వచ్చే వారం భూపాలపల్లిల పెండ్లి ఉన్నది," అంది అక్క. "గండ్ల గూడ రాకపోతే ఇగ ఈ జన్మల పట్ట అంటున్నడు. కీబోర్డును ముందల పెట్టుకోండ్రి, నా పని అయిపోయింది అని బ్యాండోల్లకు చెప్పిండు. నువ్వు మిషన్లు గిట్ల ఇప్పుతవ్ కద, జర వచ్చి చూడే."

అక్క గొంతులో బాధ ఉంటుందని అనుకున్నాను గానీ, అందులో భయం ఉంది. మొగుడి పళ్ల గురించి ఈమెకు భయమెందుకో నాకు అంతు పట్టలేదు. ఫోన్ పెట్టేశాక కత్తెర చేతిలో పట్టుకుని చాలాసేపు అదే ఆలోచించాను. ఊదడం మానేసిన బావను ఊహించుకోలేకపోయాను. యార్డులో తూకం వేసే మనిషి చాలామందిలో ఒకడు. క్లారినెట్ పట్టిన మనిషి ఒక్కడే.

మర్నాడు షాపు మూసి, సూదుల డబ్బా, సన్నదారాలు, మిషను నూనె, చిన్న స్క్రూడ్రైవరు సంచిలో వేసుకుని రైలెక్కాను. కాజీపేట దాటేదాకా ఫోన్‌లో క్లారినెట్ బాగుచేసే వీడియోలు చూస్తూ పోయాను. భాష అర్థం కాలేదు గానీ చేతులు అర్థమయ్యాయి. ఒక స్క్రూ విప్పితే అన్ని మీటలు ఊడివస్తాయని చూసి నాకు సంబరమేసింది. ఎదుటి సీటు ఆమె నన్ను చూసి సీరియల్ చూస్తున్నాననుకుంది కాబోలు, "ఏమైంది, దొరికిండా?" అని అడిగింది. ఇంకా లేదని చెప్పాను.

ఇంటికి పోయేసరికి బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా సంచి చూడగానే ఆయనకు మండింది.

"మీ అక్క పిలిచిందా? పిల్లా, పాడైంది నా నోరు. వాయిద్యం మంచిగనే ఉన్నది. నువ్వు పోయి బ్లౌజులు కుట్టుకో."

"బ్లౌజులు కుడ్తనే ఉంట గని బావా, నువ్వొకసారి ఊదు. నేను ఇని చూస్త."

"ఊదితె ఏమొస్తది?"

"ఏమొస్తదో నాకు దెల్వాలె. గందుకే వచ్చిన."

గొణుక్కుంటూనే పెట్టె తీశాడు. కింద నుంచి మొదలుపెట్టాడు. ఎంత నిండైన గొంతో! నేల లోంచి వస్తున్నట్టు ఉంది. ఒక్కో స్వరం ఎక్కుతూ వచ్చాడు. మధ్యలో ఒక స్వరం మాత్రం జలుబు చేసినట్టు బొంగురుగా వచ్చింది. అది దాటి పైకి పోగానే, అక్క చెప్పిన ఆ బుర్రు. బావ క్లారినెట్ దించి, నాలుకతో కట్టుడు పళ్లు సర్దుకుని, "ఇన్నవా?" అన్నాడు. విన్నాను. ముఖం చూడలేకపోయాను.

సరే, తేలికగా చూడగలిగిన వాటి నుంచి మొదలుపెట్టాను. రీడు అంటే ఊదే చోట బిగించే పల్చటి రెల్లు బద్ద. బావ రీడు అంచు ఒక మూల చితికి ఉంది, అడుగు కూడా వంగింది. దాన్ని పక్కన పెట్టి కొత్తది బిగిస్తే కింది స్వరాలు తేటపడ్డాయి. పై స్వరం రాలేదు. తర్వాత ఆ రీడును బిగించి నోట పెట్టుకునే కొసను, మౌత్‌పీసును చూశాను. ఏళ్ల తరబడి బావ పాత పళ్లు ఆనిన చోట రెండు గుంటలు పడి ఉన్నాయి. కొత్త పళ్లు ఆ గుంటల్లో కూర్చోక జారుతున్నాయి. సైకిల్ ట్యూబు ముక్క ఒకటి పల్చగా కోసి దాని మీద అంటించాను. జారడం కొంచెం తగ్గింది. పై స్వరం మాత్రం రాలేదు.

క్లారినెట్ ముక్కలను ఒకదాంట్లో ఒకటి దిగేస్తారు కదా, ఆ చోట ఉండే బెండు పొడి పొడిగా రాలుతోంది. దాని మీద దారం చుట్టి మైనం పూశాను. అది నా చేతిలో పని, బాగా కుదిరింది. తర్వాత ఒక్కో మీట కింద అగరుబత్తి ప్యాకెట్లో ఉండే పల్చటి కాగితం పెట్టి, మీట మూసి, కాగితం లాగి చూశాను. గట్టిగా పట్టుకుంటే మీట అడుగున ఉండే మెత్తటి ప్యాడు సరిగా కూర్చున్నట్టు, సులువుగా జారి వస్తే గాలి పోతున్నట్టు. ఒక్క చోట కాగితం జారింది. ఆ మీటకు అగ్గిపుల్ల సెగ చూపించి, లోపలి లక్క మెత్తబడ్డాక ప్యాడును వత్తి సరిచేశాను. బావ ఊదాడు. కింది స్వరాలు ఇంకా చిక్కబడ్డాయి. ఆ మాట ఆయనే అన్నాడు, ఇష్టం లేకుండా అన్నాడు. పై స్వరం? అదే బుర్రు.

నాకు ఒళ్లు మండింది. వాయిద్యం మీదే మండింది. ఎక్కడ దాక్కున్నావే నువ్వు అని తిట్టాను కూడా. బొంగురుగా వచ్చిన ఆ మధ్య స్వరానికీ, రాని పై స్వరాలన్నిటికీ వెనక వైపు బొటనవేలితో ఎత్తే ఒక చిన్న మీట ఉమ్మడిగా ఉందని గమనించాను. దాన్ని ఎత్తితేనే గొంతు పైకి లేస్తుందట. మీట బాగానే లేస్తోంది. దాని ప్యాడు కూడా బాగుంది. కింద బియ్యపుగింజంత బెజ్జంలో పసుపుపచ్చగా ఇత్తడి గొట్టం కనపడింది. ఇత్తడే కదా అనుకుని వదిలేశాను.

ఇక మిగిలింది ఒకటే దారి. తప్పు మనిషిలో ఉందా వస్తువులో ఉందా అని తెలియాలంటే, మనిషిని మార్చి చూడాలి. మిషను దగ్గర నేను చేసేది అదే. బ్యాండులో రెండో క్లారినెట్ వాయించే అతను పక్క గల్లీలోనే ఉంటాడు. పిలిపించాను. బావ మౌత్‌పీసు తీసి అతని క్లారినెట్‌కు పెట్టి చూద్దామంటే కొలత కుదరలేదు. "అయితే తమ్మీ, నువ్వే గీ బావ క్లారినెట్ ఒకసారి ఊదు," అన్నాను.

అతను రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. నేను నిప్పు అందించినట్టు చూశాడు.

"అక్కా, గా మాట అనకు. మాస్టర్ వాయిద్యానికి నా నోరా?"

"కడుగుతం తియ్యి. ఎంగిలయితె ఏమైతది?"

"ఎంగిలి ఒక్కటే కాదక్కా. మా రివాజుల మాస్టర్ క్లారినెట్‌ను ఇంకొకడు ఊదిండంటె, ఇగ మాస్టర్ పని ఒడిసిందని లెక్క. ఆయన చేతులార ఇస్తెనే పట్టుకోవాలె. నా తోని కాదు."

నేను బావ వైపు తిరిగాను. "పోనీ నువ్వే ఆ తమ్మి క్లారినెట్ ఊదు బావా."

బావ ముఖం ఎర్రబడింది. "ఇంకొకల్ల ఎంగిలి నేను నోట్లె పెట్టుకోవాల్నా? ఏందే నీ కథ? వానికి ఇచ్చెయ్యమని సీద చెప్పరాదు? మీ అక్క చెప్పమన్నదా?" అని లేచి నిలబడ్డాడు. అతను "నేను పోతున్న మాస్టర్" అని చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వెళ్లిపోయాడు.

తెలియక అడిగాను. నాకు తెలిసింది మిషన్లు, బ్యాండు వాళ్ల రివాజులు తెలియవు. బావ గోడకు ఆనుకుని కూర్చుని కళ్లు మూసుకున్నాడు. మధ్యాహ్నపు ఎండ అరుగు మీదికి వచ్చింది. లోపల అక్క రొట్టెలు చరిచే చప్పుడు మాత్రం వినపడుతోంది. ఆ చప్పుడు ఆగింది. అక్క బయటికి వచ్చింది, చేతులకు జొన్నపిండి అలాగే ఉంది. కొంగుకు తుడుచుకుని, బావ ముందు నిలబడి చెయ్యి చాపింది.

"ఇటియ్యి. నేను ఊదుత."

బావ కళ్లు తెరిచాడు. "నువ్వా?"

"నీ ఎంగిలి నాకు కొత్తనా? పెండ్లయినంక నీ పళ్లెంల తిననా? ఇయ్యి."

అక్క మాటలో నిజముంది. పెళ్లి ఉన్న రోజు పొద్దున బావ కోటు వేసుకుని చాయ్ తాగేలోపు, రీడును నోట్లో పెట్టుకుని తడిపి ఇచ్చేది అక్కే. ఎండిన రీడు పలకదు. అది అందరికీ తెలిసిందే. కానీ ఆమె క్లారినెట్ అందుకున్న తీరు చూసి నేను నోరు తెరిచాను. కొత్తవాళ్లు పట్టుకున్నట్టు పట్టుకోలేదు. కుడి బొటనవేలు కింద దాన్ని ఆనించే కొక్కెం దగ్గరికి తనంతట తనే పోయింది. వేళ్లు బెజ్జాల మీద వాటి చోట్లలో అవి కూర్చున్నాయి. ఊదింది. కింది స్వరాలు ఒకదాని వెనక ఒకటి, సన్నగా, శుభ్రంగా వచ్చాయి. బావ గోడ వదిలి ముందుకు వంగాడు. మధ్యలో ఆ బొంగురు స్వరం. దాని పైన, బుర్రు.

"చూసినవా," అన్నాడు బావ. "పైవి నీకెట్ల వస్తయి? నేర్చుకోకుంట ఎట్ల వస్తయి?"

"నాకు వచ్చు," అంది అక్క. కళ్లు కింద పెట్టుకుని అంది. "మొన్న బతుకమ్మ దాక వచ్చినయి."

ఆ తర్వాత అక్క చెప్పిందంతా నేలను చూసే చెప్పింది. మూఢాల్లో, ఆషాఢంలో బావ యార్డుకు పోతే క్లారినెట్ ఇంట్లోనే ఉంటుంది. టీవీ గొంతు పెంచి, తలుపు దగ్గరేసి, ఊదుకునేదట. ఎవరూ నేర్పలేదు. బావ అరుగు మీద కూర్చుని నేర్చుకునేవాళ్లకు చెప్తుంటే లోపల రొట్టెలు చేసుకుంటూ విన్నది, అంతే. ఎప్పటి నుంచి అని నేను అడిగితే, "ఏమో, పెద్దోడు పుట్టకముందు నుంచే" అంది. దసరా తర్వాత ఒక రోజు తీసి ఊదితే పై స్వరం రాలేదు. అప్పటికి బావకు కట్టుడు పళ్లే పెట్టలేదు.

"అంటె పండ్లు పెట్టించుకోకముందే పోయిందా?" అన్నాను. "మరి ముందుగాల చెప్పరాదె అక్కా! గిన్ని రోజులు మనిషి పరేషాన్ అయితుంటె!"

"ఎట్ల చెప్పాలె?" అక్క ఏడుపు మొదలుపెట్టింది. "నా నోరు తగిలి పాడైందనుకున్న. మాస్టర్ వాయిద్యం ఆడిదాన్ని నేను ముట్టిన. దేవికి కోపమొచ్చి ఆయన గొంతు గుంజుకున్నదనుకున్న."

ఫోన్‌లో విన్న భయం అదన్నమాట. నాకు అక్క మీద జాలి, కోపం ఒక్కసారే వచ్చాయి. అయినా నా పురుగు ఆగలేదు.

"ఏడుపు తర్వాత గని, దసరనాడు ఏం చేసినవ్ చెప్పు. క్లారినెట్‌ను ఏం చేసినవ్?"

"ఏం చేస్త? పూజ చేసిన. ఎప్పుడు మీ బావనే చేస్తుండె. గీసారి నోటిపుండుతోని పండుకున్నడు కద, నేనే డ్రమ్ములకు, అన్నిటికి పసుపు కుంకుమ పెట్టిన."

"క్లారినెట్‌కు ఏడ పెట్టినవ్?"

అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అన్నిటికి పైకి పైన పెట్టిన. క్లారినెట్‌కు మాత్రం ఎనుక మీట ఎత్తి, గా సన్న బెజ్జంల పెట్టిన. పై గొంతు పుట్టేది గండ్ల నుంచే కద. ఆయనకు మంచిగ పండ్లు రావాలె, మల్ల గట్లనే ఊదాలె అని మొక్కుకుని, పసుపు జర తడిపి, నిండుగ పెట్టిన."

నేను గబుక్కున క్లారినెట్ లాక్కున్నాను. మీట ఎత్తాను. ఇత్తడి అనుకున్న ఆ పసుపుపచ్చ రంగును గోటితో గీకాను. గోటి కింద పసుపు వచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వాయిద్యం తెలియని మనిషి అయితే బొట్టు పైన ఎక్కడో పెట్టి ఊరుకునేది. ఏ బెజ్జం లోంచి పై స్వరం లేస్తుందో తెలిసిన మనిషి కాబట్టే, సరిగ్గా ఆ బెజ్జాన్ని మూసేసింది.

సూది పెట్టి పొడవబోయి ఆగాను, లోపల గీత పడితే మళ్లీ బాగుకాదు. గోరువెచ్చని నీళ్లు ఒక్కో చుక్కా వేసి నాననిచ్చాను. నానాక సన్న పట్టుదారానికి ముడి వేసి, మెల్లగా అటు నుంచి ఇటు లాగాను. తెల్లబట్ట మీద పచ్చటి చుక్క పడింది, దాని వెనక కుంకుమ ఎరుపు కూడా. మళ్లీ మళ్లీ లాగాను. చివరికి దారం తెల్లగా వచ్చింది. బెజ్జం లోంచి చూస్తే వెలుతురు కనపడింది. జీవితంలో ఇంత సంబరంగా వెలుతురు చూడలేదు నేను.

"ఊదు బావా," అన్నాను.

బావ క్లారినెట్ అందుకోలేదు. "ఆమెనే ఊదమను," అన్నాడు.

అక్క భయపడుతూనే నోట పెట్టింది. కింద నుంచి ఎక్కింది, బొటనవేలితో మీట ఎత్తింది. పై స్వరం లేచింది. సన్నగా, వణుకుతూ, కానీ తప్పు లేకుండా లేచింది. పక్కింటి వాళ్లు గోడ మీద నుంచి తొంగిచూశారు. బావ అలాగే చూస్తున్నాడు, పెళ్లాన్ని కొత్తగా పెళ్లిచూపుల్లో చూస్తున్నట్టు.

అప్పుడు ఆయన తీసుకుని ఊదాడు. కింది స్వరాలు నిండుగా వచ్చాయి, మధ్య స్వరానికి జలుబు పోయింది. పైకి పోయాడు. బుర్రుమనలేదు, కీచుమని అరిచింది. ఇంకోసారి. మళ్లీ కీచు. పై స్వరానికి బిగించి పట్టగానే కట్టుడు పళ్ల పలక లేచి కదిలిపోతోంది. క్లారినెట్ ఒళ్లో పెట్టుకున్నాడు. చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఇగ తేలింది కద పిల్లా. వాయిద్యం మంచిగున్నది. నేనే బాగలేను."

ఇందాకటి దాకా ఆయనకు ఒక అనుమానమైనా మిగిలి ఉండేది. తప్పు వాయిద్యానిదే కావచ్చన్న ఆశ ఎక్కడో మూలన ఉండేది. దాన్ని నేనే పట్టుదారంతో ఊడ్చి పారేశాను. నా పురుగును అంతగా ఎప్పుడూ తిట్టుకోలేదు.

అక్క ఆయన పక్కన కూర్చుంది. "నువ్వు మౌత్‌పీసును పండ్లతోని పడ్తున్నవ్," అంది. "నేను గట్ల పట్ట."

"పండ్లతోని కాకుంటె దేనితోని పడ్తరే?"

"పై పెదవి లోపలికి మడిచి, పండ్ల మీద కప్పి పడ్త. కింది పెదవి మడుస్తవ్ చూడు, గట్లనే పైది గూడ. పండ్లు అసలు తగలయి."

"గట్ల ఎవ్వలు చెప్పిండ్రు నీకు? నేనెవ్వనికి గట్ల నేర్పలే."

అక్క గోరు చూసుకుంటూ చెప్పింది. "నువ్వు రోజు ఆ మౌత్‌పీసు ఎలుతురుకు పట్టి చూస్తవ్. నీ పండ్ల గుంటల పక్కన ఇంకో పంటి గీత పడితె దొరికిపోత కద. గీత పడకుంట ఊదుడు ఎట్ల అని చూసుకుంట చూసుకుంట, గది అలవాటైంది."

బావ క్లారినెట్ ఎత్తి, అక్క వైపు చూసి, పై పెదవి మడిచాడు. తప్పుగా మడిచాడు. అక్క వేలు పెట్టి పెదవి సర్దింది. "గంత బిగవట్టకు. జర వదులు," అంది. ఆయన ఊదాడు. గాలి పక్క నుంచి పోయింది. మళ్లీ సర్దింది. మళ్లీ ఊదాడు. గాలి, గాలి, సగం కీచు, తర్వాత ఎక్కడి నుంచో పల్చగా ఆ పై స్వరం వచ్చి నిలబడింది. పళ్లు కదలలేదు. బావ దాన్ని వదిలిపెట్టలేదు, ఊపిరి ఉన్నంతసేపూ పట్టుకున్నాడు. ఆపేశాక కళ్లనిండా నీళ్లు. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడానికి ఏముంది.

ఆ వారమంతా ఆయన పెదవి లోపల పుండు పడిందని అక్క ఫోన్‌లో చెప్పింది. పుండు మీద నెయ్యి రాసుకుని మళ్లీ కూర్చుంటున్నాడట. స్వరం తప్పితే చెప్పడానికి అక్క పక్కన ఉండాలట. పొయ్యి మీద కూర మాడినా లేవనివ్వడం లేదని తిట్టింది. ఆ తిట్లలో భయం లేదు. పెళ్లికి తనను కూడా బ్యాండు బండిలో రమ్మన్నాడన్న మాట మాత్రం ఫోన్ పెట్టేసే ముందు చెప్పింది.

నేను చూడకుండా ఉండగలనా? మళ్లీ షాపుకు తాళం వేసి, హన్మకొండలో బస్సు మారి భూపాలపల్లికి పోయాను. బొగ్గు లారీలు పోయే రోడ్డు కదా, పందిరికి వేసిన తెల్లగుడ్డ మీద కూడా సన్నగా నల్లటి దుమ్ము. పెళ్లికూతురు తండ్రి గనిలో పనిచేస్తాడట. కళ్లకు కాటుక పెట్టినట్టుగా రెప్పల అంచున ఆ నలుపు ఉంది. మధ్యాహ్నం అప్పగింతల వేళకు అందరూ కారు చుట్టూ చేరారు. పిల్ల తండ్రిని పట్టుకుని ఏడుస్తోంది. కీబోర్డు అతను బావ వైపు చూశాడు, నేను అందుకోవాలా అన్నట్టు. బావ తల అడ్డంగా ఊపాడు.

పై పెదవి మడిచి మొదలుపెట్టాడు. కింద నుంచి మెల్లగా వచ్చి, పిల్లను కారు ఎక్కించే సమయానికి పైకి లేచాడు. ఇదివరకటి అరుపు కాదది. గొంతు కొంచెం సన్నబడింది, మెత్తబడింది. గట్టిగా ఏడవకుండా ఆపుకున్న మనిషి గొంతులా ఉంది. ఆ నల్లరెప్పల తండ్రి కారు డోరు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఒక్కచోట కీచుమంది కూడా. ఎవరూ పట్టించుకోలేదు.

కారు పోయాక, చాయ్ గ్లాసులు పట్టుకుని బ్యాండు వాళ్లంతా పందిరి నీడన కూర్చున్నారు. అక్కా నేనూ ఆ పక్కనే ఉన్నాం. రెండో క్లారినెట్ అతను ఆగలేకపోయాడు.

"మాస్టర్, గా పట్టు కొత్తగున్నది. పండ్లు తగలకుంట ఊదుతున్నవ్. ఏడ నేర్చుకున్నవ్?"

"మా ఇంటామె నేర్పింది," అన్నాడు బావ.

అందరూ గొల్లున నవ్వారు. డ్రమ్ము అతను తొడ చరుచుకుని, "మా ఇంటామె గూడ రోజు నేర్పుతది మాస్టర్, చీపురుతోని" అన్నాడు. ఇంకా నవ్వారు. బావ నవ్వలేదు. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎందుకు నవ్వుతున్నర్రా? నేను నిజమే చెప్తున్న. నాకంటె ముందు ఆమెకే వచ్చు. ఇన్నేండ్ల సంది నా ఇంట్ల, నా వాయిద్యమే ఊదింది. మీకు నేర్పిన, ఊరోల్లకు నేర్పిన. నా ఇంట్లది నేనే ఇనలే."

నవ్వులు ఆగిపోయాయి. అందరూ అక్క వైపు తిరిగారు.

"గిందర్ల ముంగట గదేం మాట!" అని అక్క కసిరింది. కసురుతూనే ఏడ్చింది.